‘లో’ అంటే గరమ్

గత మే నెలలో మా తమ్ముడి బండి పన్నెండు రోజుల్లో ఐదుసార్లు దమ్ము విడిచేసింది. ఆగిపోలేదు. ఆగిపోతే పక్కకి తోసి మెకానిక్‌కి ఫోన్ చేస్తాం, అదొక లెక్క. ఇది నడుస్తూనే ఉంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా బీమారు మనిషి మెట్లెక్కినట్టు ఎక్కుతుంది. స్టీరింగ్ ముందు పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది. నీడకి తీసి, ఇంజిన్ ఆపి, ఒక చాయ్ తాగేంతసేపు ఉంచి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే పరుగెత్తుతుంది.

అది ఏడు సీట్ల డీజిల్ బండి. అప్పు చేసి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ఖైరతాబాద్ నుంచి పంజాగుట్ట, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మీదుగా మాదాపూర్ ఆఫీసులకి పిల్లల్ని చేరేస్తాడు. పొద్దున ట్రిప్పులో బండి ఎన్నడూ మాట పడనివ్వలేదు. మధ్యాహ్నం రెండు గంటల ట్రిప్పులోనే, అదీ చెక్‌పోస్ట్ చడావు దగ్గరే పరేశాన్ చేసేది. ఆలస్యమైన ప్రతిసారీ కాంట్రాక్టరు డబ్బులు కోసుకున్నాడు. ఐదోసారి తర్వాత, ‘ఇంకొక్కసారి ఇట్లయితే వేరే బండి పెట్టుకుంటా’ అన్నాడు. మా ఇంట్లో ఆ బండి అంటే ఆరుగురి రిజ్క్.

తమ్ముడు నన్ను అడిగాడు. సహాఫీని కాబట్టి నాకు అన్నీ తెలుసని మా ఇంట్లో అందరికీ ఒక గుమాన్. బండ్ల గురించి నాకు తెలిసింది టైర్లలో గాలి నింపించడం వరకే. కానీ పెద్దన్న దర్జా ఒకటి ఉంటుంది కదా. ‘ఇవి కంప్యూటర్ బండ్లు. మన ఉస్తాద్ జమానా అయిపోయింది. పెద్ద వర్క్‌షాప్‌కి తీస్కపో’ అన్నాను.

ఉస్తాద్ షెడ్డు చింతలబస్తీ వైపు పోయే గల్లీలో ఉంటుంది. అబ్బా స్కూటర్ కాలం నుంచి మా ఇంటి బండ్లన్నీ ఆయన చేతిలోనే బాగయ్యాయి. ఉర్దూ మీడియంలో ఏడో జమాత్ దాకా చదివి పానా పట్టుకున్న మనిషి. నేను అన్న మాట ఎవరు మోశారో తెలీదు గాని, రెండు రోజుల్లో ఆయనకి చేరింది.

పెద్ద వర్క్‌షాప్‌లో ఏసీ గదిలో కూర్చోబెట్టారు, కాఫీ ఇచ్చారు, కంప్యూటర్ పెట్టారు, పావుగంటలో ఒక కాయితం చేతిలో పెట్టారు. పి0182, ఫ్యూయల్ టెంపరేచర్ సెన్సర్ ఏ సర్క్యూట్, లో ఇన్‌పుట్. ‘సెన్సర్ పోయింది. అది పంపుతో కలిసే వస్తుంది, విడిగా రాదు. మొత్తం పంపు మార్చాలి’ అన్నాడు అక్కడి అబ్బాయి. 78 వేలు. లేబర్ వేరే.

ఆ సాయంత్రం మా దుల్హన్, అంటే తమ్ముడి బీవీ, కంగన్లు తీసి ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి నా ముందు ఉంచింది. ‘అమ్మడానికి కాదు భాయిజాన్, గిర్వీకి’ అంది. అమ్మీ తస్బీహ్ తిప్పుతూ అటు తిరిగి కూర్చుంది. నాకు ఆ డబ్బా మూత తీయబుద్ధి కాలేదు.

రాత్రి నిద్ర రాక ఆ కాయితం మళ్లీ చదివాను. ఇరవై ఏళ్లుగా డెస్కులో ఇతరుల మాటలు దిద్దుతున్న వాడిని, ఇంకేం చేస్తాను. చదువుతుంటే రెండు మాటలు గొంతులో ముల్లులా దిగాయి. ఒకటి ‘సర్క్యూట్’. సెన్సర్ ఖరాబు అని ఆ కాయితంలో ఎక్కడా లేదు, సర్క్యూట్ అని ఉంది. రెండోది ‘లో’. హైదరాబాద్‌లో, మే నెలలో, మధ్యాహ్నం రెండింటికి డీజిల్ చల్లగా ఉందని ఏ యంత్రమైనా ఎట్లా అంటుంది?

మర్నాడు ఇషా అయ్యాక సిగ్గు చంపుకుని ఉస్తాద్ షెడ్డుకి వెళ్లాను. ఆయన కిరోసిన్‌లో చేతులు కడుక్కుంటున్నారు. తల ఎత్తకుండానే, ‘మేరా జమానా ఖతం హోగయా బోలే నా మియా?’ అన్నారు.

మాఫీ అడిగాను. ఆయన ఔననలేదు, కాదనలేదు. ‘కాయితం దిఖావ్’ అన్నారు. ఇంగ్లిష్ అక్షరాల మీద చూపు ఆగలేదు, అంకె మీదే ఆగింది. పక్కనున్న షాగిర్ద్‌ని పిలిచి, ‘లో అంటే ఏంది రా?’ అని అడిగారు. వాడు ‘తక్కువ’ అన్నాడు. ‘ఏం తక్కువ?’ వాడు నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను.

అప్పుడు ఆయన చెప్పింది నా మాటల్లో రాస్తాను. ఆయన చెప్పిన తీరు నాకు రాదు.

డీజిల్ వేడెక్కితే పలచబడుతుంది, తేలికవుతుంది. 15 డిగ్రీల దగ్గర లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములుంటే, 65 దగ్గర 795 చిల్లరే ఉంటుంది. పాతకాలం పంపులకి ఈ సంగతితో పని లేదు, కొంచెం పొగ ఎక్కువైతే ఎక్కువైంది. కామన్ రైల్ బండ్లలో ఈసీయూ ప్రతి చుక్కనీ లెక్క కట్టి పంపుతుంది, అందుకే దానికి డీజిల్ ఎంత వేడిగా ఉందో తెలియాలి. పైగా పంపు లోపలి భాగాలకి తేమా నూనే అంతా డీజిలే. అది మరీ పలచబడితే లోపల లోహం లోహాన్ని రాచుకుంటుంది. కాబట్టి డీజిల్ హద్దు దాటి వేడెక్కిందని ఖబర్ అందగానే ఈసీయూ తనంతట తాను ఇంజిన్ తాకత్ తగ్గిస్తుంది. మా బండి చడావులో దమ్ము విడవడం ఖరాబీ కాదన్నమాట, జాగ్రత్త. ఎవరో దానికి డీజిల్ మరిగిపోతోందని చెబుతున్నారు. చెప్పేది నిజమా అబద్ధమా అన్నదే సవాల్.

ఆ ఖబర్ మోసేది శనగగింజంత ముక్క. వేడి పెరిగేకొద్దీ దాని ముజాహమత్ తగ్గుతుంది. ఉస్తాద్ నోట ఆ మాట వినగానే నేను నాంపల్లిలో మా ఉర్దూ మీడియం స్కూలు బెంచీ మీదికి వెళ్లిపోయాను. ముజాహమత్, బర్ఖీ రౌ, కసాఫత్, దర్జె హరారత్. తర్వాత తెలుగు డిగ్రీలో చేరాక నిరోధం, సాంద్రత, ఉష్ణోగ్రత అని మళ్లీ నేర్చుకున్నాను. ఇంగ్లిష్‌లో మటుకు ఇవాళ్టికీ తడబడతాను. 1917లో హైదరాబాద్‌లో దారుల్ తర్జుమా పెట్టి, ఉస్మానియా కోసం ఇంగ్లిష్ సైన్సు కితాబుల్ని ఉర్దూలోకి తెచ్చారు. ఆ తర్వాతి ఏడాది మొదలైన యూనివర్సిటీలో ఇంజినీరింగూ డాక్టరీ కూడా ఉర్దూలోనే చెప్పారు. ఆ జమానా 1948తో ముగిసింది. ఆ ఇల్ము చాలా మటుకు అల్మారాల్లో దుమ్ము పట్టింది గానీ, ఒక ముక్క చింతలబస్తీ గల్లీలో గ్రీజు చేతుల్లో బతికి ఉంది. నాకు ఆ రాత్రి కొంచెం గర్వమూ కొంచెం బాధా రెండూ కలిగాయి.

షాగిర్ద్ పిల్లవాడికి ముజాహమత్ తెలీదు, వాడిది తెలుగు మీడియం. వాడి కోసం ఉస్తాద్ నల్లా మిసాల్ ఇచ్చారు. ఛత్ మీద ట్యాంకు ఉంది. అదే ఈసీయూ పంపే ఐదు వోల్టులు. కింద పైపు చివర నల్లా ఉంది, అది సెన్సర్. మధ్య పైపు తీగ. వేడి పెరిగితే నల్లా ఎక్కువ తెరుచుకుంటుంది, పైపులో దబావ్ పడిపోతుంది. పైన కూర్చున్నవాడు నల్లాని చూడలేడు, దబావ్ ముల్లుని మాత్రమే చూస్తాడు. దబావ్ తక్కువుంటే వేడి ఎక్కువ అనుకుంటాడు. నల్లా పూర్తిగా మూసేస్తే దబావ్ మొత్తం నిలబడుతుంది, అప్పుడు సున్నాకి 40 డిగ్రీలు కింద అనుకుంటాడు.

‘అబ్ బోల్, లో అంటే?’

‘దబావ్ లో... అంటే గరమ్!’ అన్నాడు వాడు.

నా ముల్లు దిగిపోయింది. తక్కువైంది వోల్టేజి. కాయితం డీజిల్ చల్లగా ఉందని అనలేదు, మండిపోతోందని అంది. నేనూ మా తమ్ముడూ తలకిందులుగా చదువుకున్నాం.

‘ఇంకో మాట’ అన్నారు ఉస్తాద్. ‘నల్లా మొత్తం తెరిచినా దబావ్ పోతుంది. దార్మియాన్‌లో పైపు పగిలినా దబావ్ పోతుంది. పైనున్నోడికి ఫరక్ తెల్వదు.’

మర్నాడు ఫజర్ అయిన వెంటనే బండి షెడ్డులో పెట్టాం. రాత్రంతా ఆగి ఉన్న బండి కావాలన్నారు ఆయన. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, షాగిర్ద్ తన ఫోన్‌కి కలిపిన చిన్న స్కానర్‌లో అంకెలు చదివాడు. ఇంజిన్ నీళ్లు 30. లోపలికొచ్చే గాలి 31. డీజిల్ 31. రాత్రంతా ఒకే కప్పు కింద పడుకున్నవాళ్ల ఒంటి వేడి ఒక్కటే ఉండాలి, అదీ దీని హికమత్. ఒక అంకె మిగతావాటికి దూరంగా ఉంటే ఆ గవాహ్‌ని అనుమానించాలి. ఇక్కడ ముగ్గురూ ఒకే మాట చెప్పారు. తర్వాత ప్లగ్ తీసి సెన్సర్ రెండు పిన్నుల మధ్య మీటరు పెట్టి చూశారు. రెండు వేల ఓమ్‌లకి కొంచెం లోపు. ఈ రకం సెన్సర్లు 20 డిగ్రీల దగ్గర రెండున్నర వేలు, 80 దగ్గర మూడు వందల చిల్లర చూపిస్తాయట. కాబట్టి చల్లగా ఉన్నంతవరకు మా సెన్సర్ సచ్చా.

‘వేడెక్కాక ఝూట్ చెబుతుందేమో’ అన్నాడు తమ్ముడు. అతని గొంతులో ఆశ లేదు. 78 వేల అంకె మనిషిని అట్లా చేస్తుంది.

ఉస్తాద్‌కి ఇంకో షక్ ఉంది. డీజిల్ నిజంగానే వేడెక్కుతోందేమో. కామన్ రైల్‌లో వాడని డీజిల్ వేడి పట్టుకుని తిరిగి ట్యాంకులోకే వస్తుంది. ట్యాంకు నిండా ఉంటే ఆ వేడి అందులో కలిసిపోతుంది, పావు ట్యాంకే ఉంటే అదే డీజిల్ తిరిగి తిరిగి కాగుతుంది. మా తమ్ముడు ఎప్పుడూ ఐదు వందలకి, వెయ్యికి పోయించేవాడు. అతని ముఖం చూస్తే అర్థమైంది, అది అలవాటు కాదు, మజ్బూరీ. నేను వెళ్లి ట్యాంకు నింపించుకొచ్చాను. ఆ వేసవిలో నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే. అదే మధ్యాహ్నం, ట్యాంకు నిండుగా ఉండగానే, బొమ్మ మళ్లీ వెలిగింది. అంటే ఆ షక్ కూడా తొలగింది.

ఆ రోజు ట్రిప్పుకి తమ్ముడు దోస్తు బండి అడుక్కుని వెళ్లాడు. మేం ఈ బండిని షెడ్డులో నలభై నిమిషాలు నిలబెట్టి నడిపాం. డీజిల్ 50 దాటింది, ఏమీ కాలేదు. ఖైరతాబాద్ ఫ్లైఓవర్ మీదికి ఎక్కి, నెక్లెస్ రోడ్డు వైపు దిగి, ఏసీ పూర్తిగా పెట్టి రెండు చక్కర్లు కొట్టాం. రెండో చడావులో అంకె 56 నుంచి ఒక్కసారి 120 దాటి, మళ్లీ 56కి పడింది. ఉస్తాద్ నవ్వారు. ఆ షెడ్డులో నేను ఆయన నవ్వు చూడటం అదే మొదలు.

‘డీజిల్ కూడా చాయ్ లాంటిదే మియా. ఒక సెకన్లో మరగదు, ఒక సెకన్లో చల్లారదు.’

అసలు తహ్కీకాత్ అప్పుడు మొదలైంది. ఇంజిన్ నడుస్తోంది, బానెట్ తెరిచి ఉంది, షాగిర్ద్ లోపల కూర్చుని అంకె చదువుతున్నాడు. ఉస్తాద్ ఒక విరిగిన బేలన్ ముక్కతో పంపు దగ్గర్నుంచి తీగల కట్టని ఇంచు ఇంచు కదుపుతూ వెళ్లారు. నేను ఉత్సాహం కొద్దీ పక్కనున్న సన్నని ఇనుప పైపు మీద చెయ్యి పెట్టబోతే చేతి మీద ఒక్కటి వేశారు. ఆ పైపులో వెయ్యి బార్లు దాటిన దబావ్ ఉంటుంది, ఎక్కడైనా సన్నగా కారితే ఆ ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆ పైపుల జోలికి ఎవరూ వెళ్లకండి, నాలాంటి సహాఫీలు అసలు వెళ్లకండి.

‘ఛప్పన్... ఛప్పన్... సత్తావన్...’ షాగిర్ద్ గొంతు జొహర్ తర్వాతి ఎండలో నిద్రలా సాగుతోంది. బేలన్ ఇంజిన్ వెనక గోడ దగ్గరి క్లాంపుని తాకింది.

‘ఏక్ సౌ బీస్! ఉస్తాద్, ఆగ్ లగ్ గయీ!’

ఉస్తాద్ బేలన్ అక్కడే నొక్కి పట్టుకుని నాతో, ‘అబ్ సెన్సర్ కా ప్లగ్ నికాలో’ అన్నారు. చేతులు వణుకుతుండగా లాగాను. నల్లా ఊడదీసి పైపు మూతి మూసినట్టు. పైపు బాగుంటే దబావ్ నిండుగా రావాలి, అంకె సున్నాకి 40 కింద పడాలి. పడలేదు. సెన్సర్ నా చేతి పక్కన విడిగా ఉంది, ఈసీయూ ఇంకా 120 అనే అంటోంది. ఉస్తాద్ బేలన్ తీశారు. అప్పుడు పడింది, మైనస్ 40.

ఇంతకన్నా పక్కా సబూత్ నా నౌకరీలో నేను చూడలేదు. సెన్సర్ మజ్లిస్‌లోనే లేదు, అయినా దాని పేరు మీద గవాహీ నడుస్తోంది. సెన్సర్ బరీ. పంపు బరీ. దోషం తీగది.

ఒక జాగ్రత్త కూడా చెప్పారు ఆయన. కొన్ని బండ్లలో తప్పు కనపడగానే ఈసీయూ తన సొంత అంకె ఒకటి పెట్టేసుకుంటుంది, స్కానర్‌లో అదే కనిపిస్తుంది. అక్కడ డిగ్రీలని నమ్మకుండా సిగ్నల్ తీగ మీద వోల్టేజి చూడాలి.

ఇంజిన్ ఆపి, బ్యాటరీ తీగ విప్పి, క్లాంపు తీసి, నల్ల టేపు కోశారు. లోపల ఒక తీగ తోలు బియ్యపుగింజంత మేర అరిగి రాగి కనపడుతోంది. క్లాంపు అంచు మీద అదే కొలత మెరుపు. ఎప్పుడో ఎవరో ఆ కట్ట విప్పి, రక్షణ గొట్టం లేకుండా తిరిగి బిగించారు. మామూలు రోడ్డు మీద తీగకీ ఇనుముకీ వెంట్రుకవాసి దూరం ఉండేది. చడావులో ఇంజిన్ బలం పెట్టి పక్కకి ఒరిగినప్పుడు, ఎండకి తోలు మెత్తబడినప్పుడు ఆ రెండూ ముద్దు పెట్టుకునేవి. పొద్దున ట్రిప్పు ఎందుకు బాగుండేదో అప్పుడు తెలిసింది.

తెగిన చోట టంకం పెట్టి, వేడికి బిగుసుకునే గొట్టం తొడిగి, మీద కొత్త మడతల గొట్టం వేసి, క్లాంపుకి రబ్బరు ముక్క పెట్టి, కట్టని రెండంగుళాలు పక్కకి జరిపి కట్టారు. కోడ్ చెరిపేశారు. గంటన్నర పని. అసర్ అజాన్ వినిపిస్తుండగా తమ్ముడు వచ్చి, కొత్త పెళ్లికూతుర్ని చూసినట్టు బానెట్ లోపలికి చూశాడు.

ఆ పెద్ద వర్క్‌షాప్ గురించి రాస్తాను అన్నాను నేను. ‘నక్కో మియా’ అన్నారు ఉస్తాద్. ‘వాళ్ల మిషన్ సచ్ బోలింది. చదివినోడు జల్దీ చేసిండు.’ నేను అంత మాఫీ ఇవ్వలేను. బానెట్ కింద తల పెట్టకుండా ఒక ఇంటి కంగన్ల మీదికి వెళ్లే అంకె రాయడం జల్దీ మాత్రమే కాదు. కానీ నోరు మూసుకున్నాను, ఎందుకంటే ఆ మధ్యాహ్నం నుంచి నాకు ఒక కుర్రాడు గుర్తొస్తున్నాడు.

చాలా ఏళ్ల క్రితం వానల్లో ఒక స్ట్రింగర్ ఫోన్‌లో కూలిన ఇండ్ల లెక్క చెప్పాడు. లైన్ తెగి తెగి వస్తోంది. అతను డెబ్బై అన్నాడు, నేను తొంభై రాశాను. మర్నాడు గోల అయింది. తప్పుడు లెక్క ఇచ్చాడని అతన్ని తీసేశారు. డెబ్బై అనే చెప్పానని అతను వచ్చి నా బల్ల ముందు నిలబడి చెప్పాడు. నేను వినలేదు. తిరిగి ఫోన్ చేసి ఒకసారి సరిచూసుకోవలసింది నేను. ఇప్పుడు అతను ఎక్కడున్నాడో తెలీదు, అడిగినా నాకు చెప్పే మనుషులు మిగల్లేదు.

ఉస్తాద్ 600 తీసుకున్నారు. ఎక్కువ ఇవ్వబోతే నా చొక్కా జేబులో తిరిగి కుక్కారు. దుల్హన్ కంగన్లు వేసుకుంది. అమ్మీ షెడ్డుకి ఒక టిఫిన్ నిండా దమ్‌కా ఖీమా పంపింది.

జుమా రోజు నమాజ్ తర్వాత ఉస్తాద్ ఒక పాత లెడ్జరు నా ఒళ్లో పెట్టారు. ఈ కోడ్లు ఉర్దూలో రాసి పెట్టమన్నారు. 0180, సర్క్యూట్‌లో ఏదో ఖరాబీ. 0181, చెప్పే అంకె నమ్మేట్టు లేదు. 0182, దబావ్ తక్కువ, బండికి గరమ్ అనిపిస్తుంది, తీగ ఇనుముకి తగిలిందేమో చూడు. 0183, దబావ్ ఎక్కువ, ఠండా అనిపిస్తుంది, తీగ తెగిందేమో, ప్లగ్ ఊడిందేమో చూడు. 0184, వచ్చి పోతుంటుంది, బేలన్ తియ్యి. సర్క్యూట్‌కి మా స్కూలు మాట ‘బర్ఖీ దౌర్’ అని రాశాను. షాగిర్ద్ వెనక నుంచి తొంగి చూసి, ‘అన్నా, నాకు ఉర్దూ చదవరాదు’ అన్నాడు. పేజీ మధ్యలో గీత గీసి, కుడివైపు ఉర్దూ, ఎడమవైపు తెలుగు రాశాను. ఇప్పటికి పదకొండు పేజీలయ్యాయి.

పోయిన వారం రాత్రి తొమ్మిదింటికి వాడే ఫోన్ చేశాడు. ఉస్తాద్ ఊళ్లో లేరట, ఒక బండి వచ్చిందట.

‘అన్నా, 0183 పడ్డది. హై అంటుంది. అంటే ఠండా, తీగ తెగుండాలె. ప్లగ్ తీసి చూసిన, ఒక పిన్ను లోపలికి పోయింది. సరిజేస్తే అంకె సరిగ వచ్చింది. మైనే సహీ పడ్డా నా?’

‘హౌ’ అన్నాను.